బీరువా ఎడమ తలుపు

మా బావ ముందు తలుపులు చూస్తాడు, మనుషుల్ని ఆ తరవాత చూస్తాడు. అక్కతో పెళ్ళి మాటలకి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను తలుపు తీసి "రండి రండి" అంటుంటే, ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తలుపును పైన రెండుసార్లు, కింద ఒకసారి వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విని, "కింద తేమ పట్టింది. వానాకాలం బిగుసుకుపోతుంది," అన్నాడు. మా ఇంట్లో ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. రెండోది "కాసిని మంచినీళ్ళు". మా నాన్న మొహం చిట్లించుకున్నారు. ఆ వానల్లో తలుపు నిజంగానే బిగుసుకుపోయి, కిటికీలోంచి దూకి ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు మాత్రం, "కుర్రాడు పనిమంతుడే," అని ఒప్పుకున్నారు.

ముప్పై ఏళ్ళుగా ఆయన పని తలుపులు చెయ్యడం, బిగించడం, ఇంకొకరు పాడుచేసినవి బాగుచెయ్యడం. తన ఇంటి తలుపుల సంగతి మాత్రం అడక్కండి. వంటింటి తలుపును కాస్త ఎత్తి తొయ్యాలి. స్నానాలగదికి గొళ్ళెం ఊడిపోయి ఆరేళ్ళయింది, దాని బదులు దారం కట్టి ఉంటుంది. లోపల ఉన్నవాళ్ళు పాట అందుకోవాలి, లేకపోతే మర్యాద దక్కదు. నాకు పాట రాదు కాబట్టి వాళ్ళింట్లో స్నానం చేస్తూ ఎక్కాలు చదువుతాను.

ఆయనకి ఇంకో అలవాటుంది. చెక్క చేతికి రాగానే, కనపడని వైపు పెన్సిలుతో దాని చిరునామా రాస్తాడు. "వంటిల్లు, పెద్ద కిటికీ, కుడి రెక్క" అని రాసి, పైవైపు ఏదో తెలియడానికి బాణం గుర్తు వేస్తాడు. ఎప్పుడో పని నేర్చుకునే రోజుల్లో ఒక తలుపును తలకిందులుగా బిగించి తిట్లు తిన్నాడట. అప్పటినుంచీ ఏ చెక్కనీ బాణం లేకుండా వదల్లేదు.

ఎనిమిది నెలల కిందట ఒక సంగీత పాఠశాలలో కిటికీ బాగుచెయ్యడానికి వెళ్ళాడు. పక్కగదిలో ఎవరో గిటారు వాయిస్తున్నారు. మేకు కొట్టబోతున్న సుత్తి గాల్లోనే ఆగిపోయిందట. చెక్కను తట్టి వినడమే జీవితమైన మనిషి, చెక్క అంతసేపు మాట్లాడగా వినడం అదే మొదలు. రెండు రోజుల పనిని తొమ్మిది రోజులు సాగదీశాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు గోడకి వేలాడే గిటారును టేపు పెట్టి అంగుళం అంగుళం కొలుచుకున్నాడు.

ఆ తరవాత వాళ్ళ పడకగదిలో చెక్క బీరువాకి ఎడమ తలుపు మాయమైంది.

ఆ తలుపే ఎందుకంటే, దుకాణంలో ఉన్న చెక్కలన్నీ తట్టి చూశాడు, అన్నీ మూగవే. ఒకరోజు పొద్దున్నే ఏదో విషయంమీద అక్కకి కోపం వచ్చి బీరువా తలుపును ధడాలున వేసింది. ఆ విషయం ఏమిటో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు. తలుపు మాత్రం మోగింది. అంతే, మర్నాటికి తలుపు లేదు.

"తలుపేదండీ?" అని అక్క అడిగితే, "రిపేరుకిచ్చాను," అన్నాడు.

"తలుపుల మేస్త్రి తలుపును రిపేరుకివ్వడమేమిటి?"

"ప్రత్యేకమైన రిపేరు."

అక్క ఆ ఖాళీకి పాత దుప్పటి ఒకటి వేలాడదీసింది. తాళంచెవిని మాత్రం గుత్తిలోంచి తియ్యలేదు. తలుపు లేకపోయినా తాళంచెవి ఉంటే మనిషికి అదో ధైర్యం.

ఆ పలకను నిలువునా కోసి, పైవైపు చిత్రిక పట్టి, వేడి గొట్టం మీద వంచి, ఉప్పుకాగితంతో రుద్ది బావ గిటారు చేశాడు. తాళం కన్నం సరిగ్గా గిటారు భుజం మీదికి వచ్చింది. అందులో అదే ఆకారంలో చింతగింజంత నల్లచెక్క ముక్క అతికించాడు. నన్నొకరోజు దుకాణం వెనక్కి పిలిచి, గోనెపట్టా తీసి చూపించాడు. నేను నీటి మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం చేస్తాను. గిటారుకీ నాకూ ఉన్న సంబంధం, మీటరుకీ ఆయనకీ ఉన్నంతే.

"బామ్మర్దీ, నిజం చెప్పు. ఇది గిటారా, తీగలు కట్టిన బీరువానా?"

"వాయించి చూడు బావా."

"నాకు రాదుగా."

"పోనీ, వచ్చినవాళ్ళని అడుగు."

"అడిగితే బాగుందంటారు. ముప్పై ఏళ్ళలో నా మొహం మీద తలుపు బాగాలేదన్నవాడు లేడు. అందుకే పనయ్యాక నేను మెట్లు దిగి కింద నిలబడి వింటాను. వాళ్ళు ఆ తలుపుని పనిలేకపోయినా మళ్ళీ ఒకసారి తీసి వేశారనుకో, పని కుదిరినట్టు. ఒక్కసారి వేసి ఊరుకున్నారనుకో, కుదరనట్టు. అంతే లెక్క."

ఆ ఆదివారం పెద్ద ప్రదర్శనశాలలో గిటార్ల ప్రదర్శన ఉంది. కరెంటు అవసరం లేని చెక్క గిటార్లు. చేసినవాళ్ళే తెచ్చి పెడతారు, వచ్చినవాళ్ళు ఏది కావాలంటే అది తీసి వాయించి చూడొచ్చు. సొంత గిటారు తెచ్చుకున్నా రానిస్తారు, గేటు దగ్గర నంబరు చీటీ కడతారు. బావ పథకం ఏమిటంటే, ఎవరూ చూడకుండా తన గిటారుని ఏదో ఒక స్టాల్లో ఖాళీ కొక్కేనికి తగిలించి, దూరంగా నిలబడి వినడం.

"దొరికిపోతే?"

"మనమేం తీసుకుపోవడం లేదురా, పెట్టొస్తున్నాం. పెట్టొచ్చేవాణ్ణి దొంగ అని ఎవరంటారు?"

ఈ తర్కం నాకు అప్పుడు చాలా బాగా నచ్చింది.

అంతా బాగానే ఉండేది, ఆదివారం పొద్దున్న మేమిద్దరం ఇస్త్రీ చొక్కాలు వేసుకోకపోతే. అక్క మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇద్దరూ ఇంత శుభ్రంగా ఎక్కడికి? నేనూ వస్తున్నా," అని చెప్పులేసుకుంది. వీధిలోకి వచ్చాక నా భుజానున్న నల్లసంచీ చూసింది.

"అదేమిట్రా?"

బావ కళ్ళతో బతిమాలాడు. "గిటారక్కా. నాదే. నేర్చుకుంటున్నాను," అన్నాను.

"నువ్వా? బళ్ళో గంట కొట్టమంటే అరగంట ముందే కొట్టి అందర్నీ ఇంటికి పంపినవాడివి, నువ్వా?"

"అప్పుడు చిన్నవాణ్ణి."

"సరే, అక్కడికెళ్ళాక వాయించు. వింటాను."

బస్సులో ఆ సంచీ నా ఒళ్ళో ఉన్నంతసేపూ, పక్కవాడి పరీక్ష రాయడానికి వెళ్తున్నట్టే ఉంది.

ప్రదర్శనశాల తలుపు తియ్యగానే చప్పుడు మీద పడింది. నలభై మంది నలభై పాటలు వాయిస్తున్నారు. ఒకరిది ఒకరు వినడం లేదు, అందరూ తమది మాత్రమే వింటున్నారు, అందరి మొహాల్లోనూ ప్రశాంతత. అక్క రెండు నిమిషాలు ఓర్చుకుని, "నేనక్కడ బల్ల మీద కూర్చుంటాను. నీ వంతు వచ్చినప్పుడు పిలువు," అని దూరంగా వెళ్ళింది.

బావ వరసలన్నీ తిరిగి, ఒక స్టాలు ముందు ఆగాడు. వెండిజుట్టావిడ ఒకావిడ ఎత్తు స్టూలు మీద కూర్చుని తీగ బిగిస్తోంది. ఆవిడ చెవి వెనక పెన్సిలుంది. "ఇక్కడే," అన్నాడు బావ. ఆయన దృష్టిలో అంతకుమించిన అర్హత లేదు. ఎడమ చివర కొక్కెం ఒకటి ఖాళీగా ఉంది. సంచీ చాటున గిటారు నంబరు చీటీని జేబుకత్తితో తెంపి, చీటీని చెత్తబుట్టలో వేశాడు. చీటీ కట్టిన పచ్చతాడును మడిచి జేబులో పెట్టుకున్నాడు. వడ్రంగి తాడు పారెయ్యడు.

ఆవిడ దృష్టి మళ్ళించడం నా పని. వెళ్ళి, "ఒకటి చూడొచ్చాండీ?" అన్నాను.

"తప్పకుండా. ముందు బెల్టు తీసెయ్యండి."

"ఏమిటండీ?"

"బెల్టండీ. ఆ ఇత్తడి ముక్క తగిలితే వెనక గీతలు పడతాయి. అక్కడ రాసి పెట్టాం చూడండి."

మీటర్ల కోసం రోజూ వీధులు కొలవడం వల్ల ఆ ఏడాది నేను బాగా చిక్కాను. పాంటు మాత్రం చిక్కలేదు. మా ఇద్దరికీ మధ్య రాజీ కుదిర్చింది ఆ బెల్టే. తీసి ఆవిడ చేతికిచ్చి, పాంటు పట్టుకుని గబుక్కున స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ బెల్టును గోడకి తగిలించి, గిటారును నా ఒళ్ళో పెట్టింది.

నేను ఒక తీగ మీటాను. "చాలా బాగుందండీ," అన్నాను.

"మిగతా అయిదూ కూడా చూడండి," అంది ఆవిడ.

అయిదూ చూశాను. మొహంలో లోతైన ఆలోచన పెట్టాను. గిటారును కింద నుంచి పైకి చూశాను. ఆవిడ భుజం వెనక బావ తన గిటారును కొక్కేనికి తగిలించి, నిటారుగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసి, కొంచెం కుడికి జరిపి, అప్పుడు మాయమయ్యాడు. దొంగపని చేస్తూ కూడా వంకర ఓర్చుకోలేడు మా బావ.

నేను గిటారు తిరిగి ఇచ్చేసి, చేతులు జేబుల్లో పెట్టుకుని పాంటును లోపలినుంచి పట్టుకుంటూ స్తంభం చాటుకి చేరాను. మళ్ళీ వెళ్ళి బెల్టు అడిగితే ఇంకోటి ఒళ్ళో పెడుతుందేమోనని భయం. బావ నా అవస్థ చూసి, జేబులోంచి పచ్చతాడు తీసి నా నడుముకి కట్టి, వడ్రంగి ముడి వేశాడు. ఊపిరి తిరగలేదు గానీ పాంటు నిలిచింది.

మొదట నల్లకళ్ళద్దాల ఆయన ఒకాయన వచ్చి బావ గిటారు తీశాడు. నాలుగు దెబ్బలు వాయించి తగిలించేసి వెళ్ళిపోయాడు. తిరిగి చూడలేదు.

"ఒక్కసారి వేసి ఊరుకున్నాడు," అన్నాడు బావ. గొంతు తగ్గిపోయింది.

తరవాత ఇద్దరమ్మాయిలు. భుజం మీది నల్లముక్క చూసి, "కన్నీటిబొట్టు! ఎంత కళగా పెట్టారో!" అని ఫోటో తీసుకున్నారు. తీగలు ముట్టుకోలేదు.

"అది తాళం కన్నమమ్మా," అన్నాడు బావ స్తంభానికి.

మూడోసారి పొడుగువేళ్ళ ఆయన వచ్చాడు. స్టాలావిడ "మాస్టారూ, రండి" అని పలకరించింది. ఆయన తొందరపడలేదు. గిటారు తీసి, పొట్ట మీద పైన రెండుసార్లు, కింద ఒకసారి వేలి కణుపుతో తట్టాడు. బావ నా భుజం పట్టుకున్నాడు. ఆ భుజం వారం రోజులు నొప్పి పెట్టింది. మాస్టారు కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్న గోలలో నాకు సగమే వినిపించింది. ఉన్నట్టుండి ఆపి, మొహం ముడిచి, మెడ పొడుగూతా చూసి, గిటారును కొక్కేనికి తగిలించాడు. రెండడుగులు వేశాడు.

బావ నా భుజం వదిలేశాడు. "పోనీలే," అన్నాడు. "తలుపు తలుపే."

మాస్టారు ఆగాడు. వెనక్కి తిరిగి, ఏమీ తోచనివాడిలా చెయ్యి చాచి, అదే గిటారును మళ్ళీ తీశాడు.

బావ ముక్కు తుడుచుకున్నాడు.

ఆ క్షణంలో ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. కానీ మాస్టారు రెండోసారి వాయించడం అయ్యాక, "అమ్మా, ఇదెవరు చేశారు? నేను తీసుకుంటాను," అన్నాడు. ఆవిడ చూసి, "ఇది నాది కాదే!" అంది. పక్క స్టాలువాడు కాదన్నాడు, ఆ పక్కవాడు కాదన్నాడు. చీటీలు చూసుకుంటూ తిరిగే కాపలా ఆయన రానే వచ్చాడు.

"చీటీ లేదు, యజమాని లేడు. ఎవరో ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి ఇక్కడ వదిలినట్టున్నారు. ఆఫీసులో పెడతాను," అని గిటారు అందుకున్నాడు.

బావ ఒక్క అంగలో వెళ్ళి, "అది నాదండీ," అన్నాడు.

"మీదైతే ఇక్కడెందుకుంది?"

"తగిలించాను."

"ఎందుకు?"

బావ ఆలోచించాడు. నిజం చెబితే ఎవరూ నమ్మరు, అబద్ధం ఆయనకి రాదు. "ఊరికే," అన్నాడు.

"చీటీ ఏది?"

"పారేశానండీ. తాడుంది!" అంటూ బావ చటుక్కున నా చొక్కా ఎత్తి చూపించాడు. నలుగురూ నా నడుము వైపు చూశారు. స్టాలావిడ గోడ మీది బెల్టు వైపు, నా వైపు, మళ్ళీ బెల్టు వైపు చూసింది. ఆవిడకి అంతా అర్థమైంది, నాకు మాత్రం భూమిలోకి దిగే మెట్లెక్కడా కనపడలేదు.

"తాడు మీద నంబరుండదు," అన్నాడు కాపలా ఆయన.

"ఆగండాగండి," అంది స్టాలావిడ. "చేసినవాళ్ళు లోపల పేరు రాస్తారు. చూద్దాం." పొడుగు పుల్లకున్న గుండ్రటి చిన్న అద్దం ఒకటి తీసి, గిటారు పొట్టలోకి దించి, చిన్న దీపం వేసింది. కొంచెంసేపు చూసింది. కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చూసింది.

"పేరు లేదు. పెన్సిలుతో ఏదో... 'పడకగది బీరువా. ఎడమ తలుపు.' పక్కన బాణం గుర్తు కూడా ఉంది."

"ఏదీ," అంది మా వెనక ఒక గొంతు, "మళ్ళీ చదవండి."

మంచినీళ్ళ సీసాతో అక్క నిలబడి ఉంది.

స్టాలావిడ మళ్ళీ చదివింది. ఆవిడకి తెలియదు పాపం.

అక్క సీసా నా చేతికిచ్చింది. బావ వైపు చూసింది. బావ బాణం గుర్తు చూపించే వైపు, అంటే పైకప్పు వైపు చూశాడు. అక్క సంచీలోంచి తాళాల గుత్తి తీసి, ఒక తాళంచెవి వేరుచేసి, మొన తిప్పి, గిటారు భుజం మీది నల్లముక్కకి ఆనించింది. గుండ్రం గుండ్రానికి, తోక తోకకి, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

"ఎనిమిది నెలల నుంచి దుప్పటి కట్టుకుని కాపరం చేస్తున్నా," అంది కాపలా ఆయనతో. "ఇది మాదే. ఇంకేమైనా రుజువు కావాలా?"

"వద్దమ్మా," అన్నాడాయన. పెళ్ళయినవాడిలా ఉన్నాడు.

స్టాలావిడ ఇంకా అద్దంలోకే చూస్తోంది. "మేస్త్రిగారూ, లోపలి కర్రలు తలుపుకి వేసినంత లావు వేశారు. గాలివానకి కూడా కదలదిది."

"ఔనండీ," అన్నాడు బావ గర్వంగా.

"గిటారుకి గాలివాన రాదండీ. మళ్ళీ చేస్తే సగానికి చెక్కండి, గొంతు విచ్చుకుంటుంది."

"మెడ మీద పదో మెట్టు దగ్గర తీగ జరజరమంటోంది, అదీ చూడండి," అన్నాడు మాస్టారు. "అందుకే ఇందాక పెట్టేశాను. పెట్టేశాక చెయ్యి ఊరుకోలేదు. నాకివ్వండి, ఎంతైనా సరే."

బావ అక్క వైపు చూశాడు.

"అమ్మకానికి లేదండీ," అంది అక్క. "అందులో నా బట్టలుండేవి." గిటారు మాస్టారుకి అందించి, "ఇందాక నేను వినలేదు. ఒక్కసారి వాయించండి," అంది.

మాస్టారు వాయించాడు. అక్క గుత్తిని పిడికిట్లో బిగించి, తాళాలు చప్పుడు చెయ్యకుండా పట్టుకుని, చివరిదాకా వింది. అయ్యాక బావతో మెల్లిగా అంది: "కోపమొచ్చి వేసినప్పుడు కూడా ఇలాగే మోగేది."

"నీకూ వినపడేదా?" అన్నాడు బావ.

"మరి ఊరికే వేసేదాన్ననుకున్నారా అన్నిసార్లు?"

మా బావ ముప్పై ఏళ్ళుగా మెట్లు దిగి ఊరందరి తలుపులూ వింటున్నాడు. ఇంట్లో ఒకావిడ అదే పని చేస్తోందని ఆయనకి అప్పుడే తెలిసింది.

బస్సులో అక్క నా వైపు తిరిగి, "నేర్చుకుంటున్నావుగా, ఎంతవరకు వచ్చావు?" అంది. నేను కిటికీలోంచి ప్రకృతిని చూశాను. బెల్టు అక్కడే మరిచిపోయానని సగం దారిలో గుర్తొచ్చింది. ఇప్పటికీ అది ఆ గోడ మీదే ఉందేమో, ఎవరైనా వాయించి చూశారేమో తెలియదు.

మూడు వారాల తరవాత వాళ్ళింటికి వెళ్ళాను. స్నానాలగది తలుపుకి పాత దారం పోయి పచ్చతాడు వచ్చింది, వడ్రంగి ముడితో సహా. పడకగదిలో బీరువాకి ఎడమ తలుపు కొత్తది మెరుస్తోంది. పాత దుప్పటి కుడివైపుకి జరిగింది.

"కుడి తలుపేదక్కా?"

బావ కంగారుగా కిటికీ బయటికి చూశాడు. అక్క బట్టలు మడత పెడుతూ తలెత్తకుండానే చెప్పింది.

"రిపేరుకిచ్చాం."